రూటు తెలిస్తే చాలదు!

సొంత డబ్బు పోసి కొన్న ఫోను నిజంగా మన సొంతమేనా? తెలుగు అక్షరం కనపడక తాళాలు తీసిన రోజుల నుంచి, పాత ఫోన్లకు కొత్త ప్రాణం పోసే ఈ రోజుల దాకా... మణుగూరులో ఒక సెల్‌ మెకానిక్కు అనుభవం చెప్పే సంగతులివి.

రూటు అనగానే మణుగూరులో ఎవరికైనా బస్సులే గుర్తొస్తాయి. కొత్తగూడెం రూటు, భద్రాచలం రూటు, ఏటూరునాగారం రూటు. కానీ సెల్‌ఫోన్ల దుకాణంలో ఆ మాటకు అర్థం వేరు. నిజంగానే వేరు! ఇంగ్లిషులో రూట్‌ అంటే చెట్టు వేరే కదా మరి. ఫోను వేళ్లదాకా వెళ్లి అక్కడ మార్పులు చేసే అధికారం సంపాదించడాన్నే 'రూట్‌ చేయడం' అంటారు.

ఆండ్రాయిడ్‌ ఫోన్లన్నిటికీ అడుగున ఉండేది లినక్స్‌. ఆ పద్ధతిలో మామూలు యూజర్లు ఎందరైనా ఉండొచ్చు. వాళ్లందరి మీదా పెత్తనం చేసే యూజరు మాత్రం ఒక్కడే. ఆ పెత్తందారు పేరే రూట్‌. అతను ఏ ఫైలునైనా తెరవగలడు, మార్చగలడు, చెరిపేయగలడు. ఫోను కొన్నవారికి కంపెనీలు ఆ పెత్తనం ఇవ్వవు. తెలియక ఏదైనా చెరిపేస్తారన్న భయం ఒకటి, దొంగ సాఫ్ట్‌వేర్లు చొరబడతాయన్న భయం ఇంకొకటి. తాము చూపించాలనుకున్న యాప్‌లు తీసేస్తారన్న భయం కూడా కొంత లేకపోలేదు.

మణుగూరు బస్టాండుకు దగ్గర్లో చిన్న షాపు నడుపుతున్న ఆ మెకానిక్కు వయసు నలభైకి అటూ ఇటూ ఉంటుంది. తండ్రి సింగరేణి కార్మికుడు. పుట్టి పెరిగింది కంపెనీ క్వార్టర్లోనే. అందుకే ఈ రూట్‌ సంగతి ఎవరడిగినా క్వార్టరునే ఉదాహరణగా చెబుతాడు. 'క్వార్టర్ల ఉండేది మనమే గదా అన్నా. వంట చేసుకుంటం, పడుకుంటం, పండగ చేసుకుంటం. కానీ గోడ పగలగొట్టి ఇంకో రూము ఏసుకోవాలంటే కంపెనీ ఒప్పుకోదు. ఫోను గూడ అంతే. రూట్‌ చేస్తే అది సొంతిల్లయితది. ఇష్టమొచ్చిన గోడ కొట్టుకోవచ్చు. అయితే ఇల్లు కురిసిందనుకో... ఎక్కి పెంకు సర్దుకోవాల్సింది గూడ మనమే!'

వినడానికి ఎంత తేలికగా ఉందో, ఆ రెండో సగం అనుభవంలోకి వచ్చేసరికి అంత బరువుగా ఉంటుంది. ఈ కథంతా ఆ రెండో సగం గురించే.

అక్షరాలకు బదులు డబ్బాలు

2012 నాటి మాట. ఇంటింటికీ ఆండ్రాయిడ్‌ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒక డంపర్‌ ఆపరేటర్‌ ఫస్ట్‌ షిఫ్టు దిగి నేరుగా షాపుకొచ్చాడు. 'ఏంది తమ్మీ ఇది? హైదరాబాద్‌ల చదివే మా బిడ్డ ఫేస్‌బుక్కుల తెలుగుల ఏందో రాసిందంట. నా ఫోన్ల చూస్తే అన్నీ డబ్బాలే!'

ఆయన ఫోను తప్పేమీ లేదు. చాలా ఫోన్లలో అప్పటి పరిస్థితి అదే. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లో, మొదటి వెర్షనులోనే చోటు దొరికింది. కానీ నంబరుంటే సరిపోదు. దాన్ని అక్షరంగా గీసి చూపించే ఫాంటు ఫోనులో ఉండాలి. అది లేకపోతే తెలుగు ఉన్న ప్రతి చోటా ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లలో సొంతంగా తెలుగు పెట్టినా, ఎక్కువమంది చేతుల్లో ఉన్న చౌక ఫోన్లలో ఆ సదుపాయం ఉండేది కాదు.

దానికొక చిట్కా ఉండేది. ఒపేరా మినీ బ్రౌజర్లో చిరునామా రాసేచోట 'కాన్ఫిగ్‌' అని కొట్టి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపించే సెట్టింగును ఆన్‌ చేస్తే వెబ్‌సైట్లలో తెలుగు కనిపించేది. ఎక్కడో దూరాన ఉన్న సర్వరు మన అక్షరాలను బొమ్మగా మార్చి పంపేదన్నమాట. పేపరు చదువుకోవడానికి అది చాలు. మరి మెసేజిలో వచ్చిన తెలుగు మాటేమిటి? ఫోన్‌బుక్కులో పేర్ల మాటేమిటి? వాటికి ఫాంటు ఫోనులోనే ఉండాలి. ఫాంట్లుండే ఫోల్డరేమో సిస్టమ్‌ విభాగంలో ఉంటుంది. అక్కడ చదవడమే తప్ప రాయడానికి మామూలు యూజరుకు అనుమతి లేదు. అంటే... రూట్‌ చేయాల్సిందే!

అలా కొందరు తెలుగువాళ్లకు రూట్‌ అవసరం పడింది ఆటల కోసమో గొప్పల కోసమో కాదు, సొంత లిపి చూసుకోవడం కోసం. పోతన, వేమన, లోహిత్‌ వంటి యూనికోడ్‌ ఫాంట్లు అప్పటికే కంప్యూటర్లలో వాడుకలో ఉన్నాయి. ఫోనును రూట్‌ చేసి, తెలుగు ఉన్న ఫాంటును ఆ ఫోల్డరులోకి ఎక్కించి, ఆపి మళ్లీ ఆన్‌ చేస్తే డబ్బాలు పోయి అక్షరాలొచ్చేవి. 

వచ్చేవి కానీ, పూర్తిగా కుదురుకునేవి కావు. 'లక్ష్మి' అన్న మాటే తీసుకోండి. మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌ లెక్కలో ఏడు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ కలిపి ఒత్తును కిందా, గుడిని పైనా కూర్చే యంత్రాంగం ఫోనులో వేరుగా ఉండాలి. పాత ఆండ్రాయిడ్‌లో తెలుగుకు అది లేదు. దాంతో ఫాంటు వేసినా ఒత్తులు ఒకచోట, గుడులు ఒకచోట చెల్లాచెదురుగా కనిపించేవి. అయినా ఆ డంపర్‌ ఆపరేటరు కూడబలుక్కుని బిడ్డ రాసింది చదువుకున్నాడు. చెదిరిన అక్షరమైనా సొంత అక్షరం ఆనవాలు దొరకదా!

2012 జులైలో గూగుల్‌ విడుదల చేసిన ఆండ్రాయిడ్‌ 4.1 ఈ బాధ తీర్చింది. కన్నడ, మలయాళాలతోపాటు తెలుగూ అందులో చేరింది. ఆ వెర్షన్‌ ఉన్న ఫోన్లు మణుగూరు బజారుదాకా రావడానికి ఇంకొంత కాలం పట్టిందనుకోండి. ఏమైనా, యూనికోడ్‌లో చోటు దొరికిన 21 ఏళ్లకు ఆండ్రాయిడ్‌ తెలుగును గుర్తించింది. ఆ తర్వాత తెలుగు కోసం రూట్‌ చేయమని అడిగేవాళ్లు క్రమంగా తగ్గిపోయారు.

'రీబూట్‌' అని కొడితే...

రూట్‌ చరిత్ర మొదలైందే ఒక తమాషాతో. మొట్టమొదటి ఆండ్రాయిడ్‌ ఫోను జీ1 అమెరికాలో 2008 అక్టోబరులో అమ్మకానికొచ్చింది. కొద్దిరోజులకే ఒకాయన స్నేహితురాలితో మెసేజిల్లో మాట్లాడుతున్నాడు. ఇంతసేపూ జవాబివ్వలేదేమని ఆమె అడిగింది. ఫోను ఆపి మళ్లీ ఆన్‌ చేశానని చెప్పడానికి 'రీబూట్‌' అని ఒక్క మాట కొట్టాడు. అంతే... ఫోను నిజంగానే రీబూట్‌ అయింది!

ఏం జరిగిందంటే, ఆ ఫోనులో కొట్టిన ప్రతి మాటా కనపడకుండా రూట్‌ పెత్తందారు చెవిన కూడా పడుతోంది. అతను దాన్ని ఆజ్ఞగా పాటిస్తున్నాడు. తయారీలో తెలియకుండా మిగిలిపోయిన లోపమది. గూగుల్‌ వెంటనే సరిచేసింది. ఈలోపే ఔత్సాహికులు ఆ సందులోంచి లోపలికి వెళ్లి ఫోన్‌ని తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. తర్వాత మార్చిన సాఫ్ట్‌వేర్లు తయారుచేసి పదిమందికీ పంచారు. వాటినే 'కస్టమ్‌ రోమ్‌'లు అంటారు.

వాటిలో బాగా పేరొచ్చింది సయనోజెన్‌మాడ్‌. 2009లో స్టీవ్‌ కోండిక్‌ అనే ప్రోగ్రామరు దాన్ని మొదలుపెట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్‌ నుంచి నోటీసు వచ్చింది. ఆండ్రాయిడ్‌ అందరిదీ అయినా అందులోని జీమెయిల్‌, మ్యాప్స్‌, యూట్యూబ్‌, యాప్‌ల మార్కెట్‌ లాంటివి గూగుల్‌ సొంతం. వాటిని కలిపి పంచడం కుదరదన్నది నోటీసు సారాంశం. ఇక సయనోజెన్‌ పని అయిపోయిందనుకున్నారంతా. చివరికి దొరికిన దారి... బ్యాకప్‌! ఫోనులో ముందే ఉన్న గూగుల్‌ యాప్‌లను యజమాని తానే భద్రం చేసుకోవాలి. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాక వాటిని తిరిగి పెట్టుకోవాలి. అలా రోమ్‌ మార్చడం, బ్యాకప్‌ తీయడం అనే రెండు పనులూ మొదటి రోజుల్లోనే జంటగా ముడిపడిపోయాయి. ఆ ముడి విప్పినవాళ్లకే కష్టాలు!

సైరన్‌ మోగాకే పేలుడు

ఓపెన్‌కాస్ట్‌ గనుల దగ్గర పెరిగినవాళ్లకు బ్లాస్టింగ్‌ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముందు సైరన్‌ మోగుతుంది. మనుషుల్ని, మిషన్లను దూరంగా పంపేస్తారు. అంతా ఖాళీ అయిందని చూసుకున్నాకే మందు పేలుస్తారు. పేల్చాక 'అయ్యో, అక్కడ ఫలానావాడు ఉన్నాడే' అనుకుంటే లాభమేముంది?

ఆ మెకానిక్కు షాపుకు ఒకసారి డిగ్రీ చదివే కుర్రాడొకడు ఏడుపు మొహంతో వచ్చాడు. చేతిలో వాళ్లక్క ఫోను. స్లో అయిందని అక్క అంటే, బాగుచేస్తానని ఇంట్లోనే మొదలుపెట్టాడట. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. తెలివైనవాడే. బ్యాకప్‌ తీయాలనీ తెలుసు. రికవరీ అనే సాఫ్ట్‌వేరు వేసి, దాంతో ఫోను మొత్తానికీ బ్యాకప్‌ తీసి, ఆ తర్వాత కొత్త రోమ్‌ ఎక్కించాలనుకున్నాడు. పద్ధతి సరైనదే కదా అనిపిస్తుంది. మతలబంతా అక్కడే ఉంది!

ఆ రికవరీ ఎక్కాలంటే ముందు బూట్‌లోడరు తాళం తీయాలి. బూట్‌లోడరు అంటే ఫోను ఆన్‌ కాగానే మొట్టమొదట నిద్రలేచే కాపలాదారు. ఏ సాఫ్ట్‌వేరును లోపలికి రానివ్వాలో తేల్చేది అదే. ఆ తాళం తీసిన మరుక్షణం ఫోనులోని ఫొటోలు, మెసేజిలు, రికార్డింగులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇది కావాలని పెట్టిన ఏర్పాటు. లేకపోతే ఫోను కొట్టేసిన దొంగ తాళం తీసి మన సమాచారమంతా చూసేస్తాడు కదా! అంటే బ్యాకప్‌ తీసే పరికరం చేతికి రాకముందే, బ్యాకప్‌ తీయాల్సినవన్నీ పోతాయన్నమాట. 

ఆ ఫోనులో పోయినవి అక్క కూతురి ఫొటోలు. పుట్టిన రోజు నుంచి మొదటి పుట్టినరోజు దాకా తీసినవి. 'ఎట్లయినా తెప్పించన్నా, ఎంతైనా ఇస్త' అన్నాడా కుర్రాడు. మెకానిక్కు తల అడ్డంగా ఊపాడు. పాత ఫోన్లలో చెరిపేసినవాటిలో కొన్నైనా వెలికితీసే అవకాశముండేది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్‌ 6 నుంచి చాలా కొత్త ఫోన్లలో సమాచారమంతా రహస్య సంకేతాలుగా మారి నిల్వ ఉంటోంది. ఫోనును తుడిచినప్పుడు ఆ సంకేతాలను విప్పే తాళంచెవి కూడా నాశనమవుతుంది. మిగిలేది ఎవరూ చదవలేని చెత్త. హైదరాబాదు తీసుకెళ్లినా, అమెరికా తీసుకెళ్లినా అంతే.

ఆ తర్వాత వాట్సాప్‌లో అమ్మమ్మకూ, మేనమామలకూ పంపిన ఫొటోలన్నీ వెతికి పోగుచేశారట ఇంట్లోవాళ్లు. ముప్పైయో నలభయ్యో దొరికాయి. ఏడాది పాటు తీసిన ఫొటోల్లో మిగిలినవి అవే.

ఇంకో చిక్కు కూడా ఉంది. తాళం తీశాక రికవరీతో తీసే బ్యాకప్‌ను 'నాండ్రాయిడ్‌' అంటారు. టీడబ్ల్యూఆర్‌పీ లాంటి రికవరీలతో తీసినప్పుడు అందులో సిస్టమ్‌, యాప్‌లు, వాటి సెట్టింగులు వస్తాయి. ఫొటోలు, పాటలు ఉండే ఇంటర్నల్‌ స్టోరేజి మాత్రం రాదు! పైగా ఆ బ్యాకప్‌ కూడా మామూలుగా ఆ ఫోనులోనే పడి ఉంటుంది. ఇల్లు కాలుతుందేమోనని బీరువాలోని నగలను తీసి అదే ఇంట్లో పెట్టెలో దాచినట్టు!

అందుకే ఆ మెకానిక్కు ఒక వరస పెట్టుకున్నాడు. ముందు డాటా కేబులుతో ఫోటోలు, వీడియోలు, రికార్డింగులు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. వాటిలో నాలుగైదు తెరిచి చూస్తాడు. తెరుచుకోని బ్యాకప్‌ బ్యాకప్పే కాదంటాడు. ఇంకో కాపీ పెన్‌డ్రైవులోకో, మెమరీకార్డులోకో తీసి యజమాని చేతికిస్తాడు. ఫోన్‌ నంబర్లు గూగుల్‌ ఖాతాలో చేరాయో లేదో, వాట్సాప్‌ బ్యాకప్‌ ఎప్పటిదో చూస్తాడు. ఆ ఖాతా పాస్‌వర్డు యజమానికి గుర్తుందా అని అడుగుతాడు. పాస్‌వర్డు తెలియకపోతే బ్యాకప్‌ ఉన్నా దక్కదు కదా. ఇవన్నీ అయ్యాకే తాళం జోలికి వెళ్తాడు. 

తాళం తీసి రికవరీ వేశాక మొదటి పని, కొన్ని మోడళ్లలో 'ఈఎఫ్‌ఎస్‌' అనే చిన్న విభాగానికి కాపీ తీసుకోవడం. ఫోను ఐఎంఈఐ నంబరు, సిగ్నలుకు సంబంధించిన వివరాలు ఉండేది అందులోనే. అది చెడిపోతే ఫోను వెలుగుతుంది, పాటలు పాడుతుంది... కానీ సిమ్ము పనిచేయదు. అందుకే పని మొదలుపెట్టేముందు స్టార్‌, హ్యాష్‌, 06, హ్యాష్‌ కొట్టి వచ్చిన నంబరు కాగితం మీద రాసిపెట్టుకుంటాడు. ఉన్న నంబరును కాపాడుకోవడం వేరు, మార్చడం వేరు. కొట్టేసిన ఫోన్లకు ఐఎంఈఐ మార్చే పని ఎవరడిగినా గడప దాటనివ్వడు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

పాత ఫోనుకు కొత్త ప్రాణం

ఇంత ప్రమాదం ఉంటే మరి ఎందుకీ తంటా? కారణం ఉంది. కంపెనీలు ఫోను అమ్మిన కొన్నేళ్లకు కొత్త సాఫ్ట్‌వేరు ఇవ్వడం మానేస్తాయి. ఫోను బాగానే ఉంటుంది. తెర పగల్లేదు, బ్యాటరీ మార్చుకోవచ్చు. కానీ సాఫ్ట్‌వేరు ముసలిదైపోతుంది. ఒక్కో యాప్‌ 'మీ ఫోనులో నేను పనిచేయను' అంటూ మొరాయిస్తుంది. పదివేలు పెట్టి ఇంకోటి కొనగలిగినవాళ్లకు ఇబ్బంది లేదు. కొనలేనివాళ్లకు కస్టమ్‌ రోమే దిక్కు.

మనదేశంలో ఈ మాట సామాన్యుల దాకా వచ్చింది 2014 - 15 సంవత్సరాల్లో. సయనోజెన్‌ అప్పటికే కంపెనీగా మారింది. దాని సాఫ్ట్‌వేరుతో వన్‌ప్లస్‌ వన్‌ ఫోను వచ్చింది. ఇంతలో భారతదేశంలో ఆ హక్కు మాదేనంటూ మైక్రోమ్యాక్స్‌ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. 2014 డిసెంబరులో కొద్దిరోజులపాటు ఇక్కడ వన్‌ప్లస్‌ అమ్మకాలు ఆగాయి కూడా. ఆ వెంటనే మైక్రోమ్యాక్స్‌ వాళ్ల యు బ్రాండు నుంచి యురేకా అనే ఫోను సయనోజెన్‌తోనే వచ్చింది. ధర 8,999 రూపాయలు. ఒక ఔత్సాహికుడు సరదాగా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు కోసం పెద్ద కంపెనీలు కోర్టుకెక్కడం చూసి, రోమ్‌లు మార్చే కుర్రాళ్లు కాలరెగరేశారప్పట్లో!

ఆ ముచ్చట ఎక్కువకాలం నిలవలేదు. 2016 డిసెంబరులో సయనోజెన్‌ సేవలు మూతపడ్డాయి. అయితే సాఫ్ట్‌వేరు మూలం అందరికీ అందుబాటులో ఉండటంవల్ల స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు అదే నెలలో లీనియేజ్‌ ఓఎస్‌ పేరుతో దాన్ని అందుకున్నారు. కంపెనీలు వదిలేసిన ఎన్నో ఫోన్లకు ఇప్పటికీ అదే ఆధారం. కంపెనీ పోయినా పని ఆగకపోవడం... అందరి చేతుల్లో ఉన్నదాని గొప్పతనం అదే.

తాళం తీసిన ఇంటికి...

ఇంతకీ సొంతిల్లు కట్టుకున్నాక వచ్చే బాధలేమిటి? మొదటిది బ్యాంకు. రూట్‌ చేసిన ఫోనులో వేరే యాప్‌లు కూడా ఆ పెత్తనం సంపాదిస్తే మన పిన్‌ నంబర్లు చూసేయగలవు. అందుకే బ్యాంకు యాప్‌లు, డబ్బు పంపే యాప్‌లు ముందుగా ఫోను తాళం సరిగ్గా ఉందో లేదో ఆరా తీస్తాయి. లేదని తేలితే చాలావరకు పనిచేయవు. ఒకప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2016 తర్వాత యూపీఐ వచ్చి, టీకొట్టులో కూడా ఫోనుతోనే చెల్లిస్తున్న రోజుల్లో ఆ ఒక్క యాపు లేకపోతే ఫోను ఉన్నా లేనట్టే. ఆ ఆరాకు చిక్కకుండా మ్యాజిస్క్‌ లాంటి పరికరాలతో దాక్కునే ప్రయత్నాలు 2016 నుంచీ నడుస్తున్నాయి. ఇవాళ దాక్కున్నది రేపు దొరుకుతుంది. జీతం డబ్బులుండే ఫోనుతో దాగుడుమూతలెందుకంటాడు ఆ మెకానిక్కు.

రెండోది కంపెనీ గుర్తు. శాంసంగ్‌ ఫోన్లలో 2013 నుంచి నాక్స్‌ అనే ఏర్పాటుంది. అనుమతి లేని సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే లోపల ఫ్యూజు లాంటిదొకటి శాశ్వతంగా కాలిపోతుంది. పాత సాఫ్ట్‌వేరు మళ్లీ వేసినా ఆ మచ్చ పోదు. రహస్య ఫోల్డరు వంటి కొన్ని సదుపాయాలు తిరిగి రావు. అసలు తాళమే తీయనివ్వని కంపెనీలూ ఉన్నాయి. హువావే 2018లో ఆ కోడ్‌లు ఇవ్వడం ఆపేసింది. షావోమి అడిగిన వెంటనే ఇవ్వకుండా రోజుల తరబడి ఆగమంటుంది.

మూడోది రోజువారీ అవసరాలు. కస్టమ్‌ రోమ్‌ వేశాక కొన్ని ఫోన్లలో కెమెరా మునుపటంత బాగా పనిచేయదు. కొన్నిట్లో వోల్టీ పోతుంది. జియో లాంటి నెట్‌వర్కులో కాల్సు వెళ్లేదే వోల్టీ మీద కాబట్టి, అది పోతే మాటే పోయినట్టు. ఒక మోడలు సాఫ్ట్‌వేరు ఇంకో మోడలుకు ఎక్కించినా, మధ్యలో చార్జింగు అయిపోయినా ఫోను డెడ్‌ కావచ్చు. ఇంగ్లిషులో దీన్ని 'బ్రిక్‌' అంటారు. ఇటుకన్నమాట. ఇల్లు కట్టుకోవడానికి కూడా పనికిరాని ఇటుక! అందుకే సొంతంగా ప్రయత్నించేవాళ్లు రోజూ వాడే ఫోను మీద కాక, మూలన పడిన పాత ఫోను మీద నేర్చుకోవడం మేలు.

పెద్దమ్మ ఫోను

ఆ మెకానిక్కు చేసిన మంచి పనుల్లో ఒకటి, రూట్‌ చేయకుండా వదిలేసిన ఫోను. భర్త చనిపోయి ఏడాదైన ఒక పెద్దావిడ మనవడిని వెంటబెట్టుకుని వచ్చింది. ఫోను మాటిమాటికీ ఆగిపోతోంది. తాళం తీసి కొత్త రోమ్‌ వేస్తే పరిగెడుతుందని మనవడి వాదన. కుర్రాడు అన్ని వివరాలూ చదువుకునే వచ్చాడు.

'ఇందులో ముఖ్యమైనయి ఏమన్నా ఉన్నయా పెద్దమ్మా?' అనడిగాడు మెకానిక్కు.

'మీ పెద్దనాయన మాటలున్నయ్‌ కొడుకా. అయ్యొక్కటి పోవద్దు' అందామె.

ఆ ఫోనులో కాల్సు వాటంతటవే రికార్డయ్యేవి. భర్త సెకండ్‌ షిఫ్టులో ఉండి చేసిన ఫోన్లన్నీ అందులో ఉన్నాయి. అన్నం తిన్నవా... గేటు ఏసినవా... నల్లా వచ్చిందా... ఆ మాటలే మళ్లీ మళ్లీ. వాటిలో దాచుకోవాల్సింది ఏముందని బయటివాళ్లకు అనిపించొచ్చు. ఆమెకు మాత్రం మిగిలింది అదే.

మెకానిక్కు ఆ రోజు తాళం ముట్టుకోలేదు. రికార్డింగులన్నీ కంప్యూటర్లోకి తీశాడు. నాలుగైదు కాదు, అన్నీ పెట్టి చూశాడు. ఒక కాపీ పెన్‌డ్రైవులో, ఇంకోటి మెమరీకార్డులో వేసి మనవడి చేతికిచ్చాడు. మూడోది మనవడి ఈమెయిలు ఖాతాకు ఎక్కించాడు. తర్వాత ఫోను విప్పి చూస్తే బ్యాటరీ ఉబ్బి ఉంది. స్టోరేజి నిండా గుడ్‌మార్నింగ్‌ వీడియోలు! బ్యాటరీ మార్చి, ఆ వీడియోలు తీసేసేసరికి ఫోను కుదుటపడింది. రోమ్‌ అవసరమే లేకపోయింది. తీసుకున్నది బ్యాటరీ డబ్బులే.

'నువ్వు రూట్‌ చేస్తవని గదన్నా నేనొచ్చింది' అన్నాడు మనవడు కాస్త నిరాశగా. 

'ఎట్ల చెయ్యాల్నో తెలిసినోనికి, ఎప్పుడు చెయ్యొద్దో గూడ తెలవాలె తమ్మీ' అన్నాడతను.

మిగిలిన డబ్బాలు

తెలుగు డబ్బాలు పోయాయి. ఇవాళ ఏ ఫోను కొన్నా తెలుగు కనిపిస్తుంది, మాటలతో చెబితే రాసిపెడుతుంది కూడా. కంపెనీల తాళం మన అక్షరానికి అడ్డురావడం పాతకథ అనుకుంటే మాత్రం పొరపాటే. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరపు ఒక కూర్పు వస్తే చాలు ఐఫోన్లలో మెసేజి యాప్‌లు కుప్పకూలాయి. ఎవరూ సొంతంగా సరిచేసుకోలేకపోయారు. ఫిబ్రవరి 19న యాపిల్‌ కంపెనీ మందు పంపేదాకా ప్రపంచమంతా ఆగాల్సొచ్చింది.

అదే ఏడాది జూన్‌లో ఇంకోటి జరిగింది. ఆదిలాబాద్‌ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండి లిపికి యూనికోడ్‌ 11లో చోటు దొరికింది. ఆ లిపిలో రాసిన మాట ఫాంటు లేని ఫోనుకు వస్తే ఏం కనిపిస్తుంది? డబ్బాలే! మణుగూరు చుట్టూ ఉన్న గూడేల్లో వినిపించే కోయభాష గోండికి దగ్గరి చుట్టం. ఒకప్పుడు తెలుగువాళ్లు నిలబడిన చోట ఇప్పుడు వేరేవాళ్లున్నారన్నమాట. కంపెనీ చూస్తుందిలే అని ఊరుకుంటే, చూసేవరకూ ఎన్నేళ్లు పడుతుందో తెలుగువాళ్లకు తెలిసిన లెక్కే. తాళం తీయడం తెలిసినవాళ్లు ఊరికి ఒకరిద్దరైనా ఉండాల్సింది అందుకే.

అయితే వాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది తాళం తీయడం కాదు. ఏది పోతే మళ్లీ రాదో గుర్తుపట్టడం. సాఫ్ట్‌వేరు పోతే ఇంకోటి వేసుకోవచ్చు. ఫోను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. 'గేటు ఏసినవా' అన్న ఆ గొంతు పోతే మాత్రం ఏ కంపెనీ తెచ్చివ్వగలదు?